ఆరు నెలల పందిరి: ఎక్స్‌పో పెవిలియన్ పర్యావరణ లెక్క ఎక్కడ తేలుతుంది

పెళ్లి పందిరి వేసేవాళ్లు కర్రకు మేకు కొట్టరు. సరుగుడు కర్ర మీద అడ్డకర్ర ఆనించి తాడుతో బిగిస్తారు. మర్నాడు విప్పేటప్పుడు ముడి చటుక్కున ఊడాలి, కర్ర పగలకుండా లారీ ఎక్కాలి. ఎల్లుండి ఇంకో ఊళ్లో ఇంకో పెళ్లి ఉంటుంది. దేశాలన్నీ చేరే ప్రపంచ ప్రదర్శన, అంటే ఎక్స్‌పోలో, ఒక దేశం కట్టే ప్రదర్శనశాలను పెవిలియన్ అంటారు. అది కూడా ఈ జాతి కట్టడమే. కాని దాన్ని గీసేవాళ్లు చాలాసార్లు పందిరిని మరిచి గుడిని ఊహిస్తారు. పర్యావరణం పేరు పెట్టుకున్న పెవిలియన్లు కూడా ఎక్కువగా తప్పటడుగు వేసేది అక్కడే.

ఎక్స్‌పోల ఆలనాపాలనా చూసేది ప్యారిస్‌లోని అంతర్జాతీయ ఎగ్జిబిషన్ల బ్యూరో. 1928 నాటి ఒప్పందం దీనికి ఆధారం. అయిదేళ్లకోసారి వచ్చే పెద్ద ఎక్స్‌పో ఆరు నెలలు దాటడానికి వీల్లేదు. జర్మనీలోని హానోవర్‌లో 2000 నాటి ఎక్స్‌పో నడిచింది 153 రోజులు. దుబాయ్ ఎక్స్‌పో 2021 అక్టోబరు 1 నుంచి 2022 మార్చి 31 వరకు, 182 రోజులు. ఒసాకా 2025 ఏప్రిల్ 13 నుంచి అక్టోబరు 13 వరకు, 184 రోజులు. రాబోయే రియాద్ ఎక్స్‌పో 2030 అక్టోబరు 1న మొదలై 2031 మార్చి 31న ముగుస్తుంది, అదీ 182 రోజులే. ఆ తర్వాత సొంతంగా కట్టుకున్న దేశం సాధారణంగా స్థలాన్ని ఖాళీ చేసి అప్పగించాలి. ఏడాదీ ఏడాదిన్నరా కట్టింది, ఆరు నెలలు వాడి, మరికొన్ని నెలల్లో విప్పేయాలన్నమాట.

ఈ ఒక్క సంగతి పర్యావరణ లెక్కను తలకిందులు చేస్తుంది. ఒక ఊహా పెవిలియన్ తీసుకుందాం. 2,000 చదరపు మీటర్లు, మామూలు స్టీల్, కాంక్రీట్. ఇలాంటి కట్టడానికి సామాను తయారీ, రవాణా, నిర్మాణం కలిపి చదరపు మీటరుకు 500 నుంచి 1,000 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. 800 అనుకుంటే 1,600 టన్నులు. ఇది తలుపులు తెరవకముందే అయిపోయిన ఖర్చు. ఇప్పుడు కరెంటు చూద్దాం. సగటున 150 కిలోవాట్లు, రోజుకు 12 గంటలు, 182 రోజులు అంటే దాదాపు 3,28,000 యూనిట్లు. యూనిట్‌కు అర కిలో చొప్పున 164 టన్నులు. కట్టడానికి పది పాళ్లయితే నడపడానికి ఒక పాలు. ఇదే భవనం ఇలాగే 50 ఏళ్లు నడిస్తే కరెంటు వాటా 16,400 టన్నులకు చేరుతుంది, నిష్పత్తి సరిగ్గా తిరగబడుతుంది. ఆఫీసులకూ ఇళ్లకూ నేర్చుకున్న తెలివి, అంటే మందపాటి ఇన్సులేషన్, మూడు పొరల అద్దాలు, పైకప్పు నిండా సోలార్, పెవిలియన్ దగ్గర అలాగే దించేస్తే ఎందుకు బెడిసికొడుతుందో ఈ రెండు అంకెల్లో ఉంది.

సోలార్ సంగతే చూడండి. వంద కిలోవాట్ల పలకలు ఎండ బాగా ఉన్న చోట కిలోవాట్‌కు రోజూ నాలుగున్నర యూనిట్లు ఇస్తాయనుకుంటే ఆరు నెలల్లో 82,000 యూనిట్లు, అంటే 41 టన్నులు ఆదా. ఆ పలకల తయారీకి కిలోవాట్‌కు ముప్పాతిక టన్ను వేసుకున్నా 75 టన్నులు. ఎక్స్‌పో ముగిసేనాటికి అప్పు తీరలేదు. ఆ పలకలు తర్వాత ఏ బడి మీదికో, ఏ గోదాం మీదికో వెళ్లి ఇరవై ఏళ్లు పనిచేస్తేనే లెక్క సరిపోతుంది. దుబాయ్‌లో గ్రిమ్‌షా సంస్థ గీసిన ‘టెర్రా’ పెవిలియన్‌కు 4,912 సౌరఫలకాలు పెట్టారు. అది తప్పు కాదు, ఆ భవనం ఆతిథ్య దేశానిది, ఉండిపోవడానికే కట్టింది. ఆరు నెలల అతిథి దాన్ని చూసి వాత పెట్టుకోకూడదు.

కాబట్టి గురి పెట్టాల్సింది ఆ 1,600 టన్నుల మీద. తగ్గించడానికి దారులు మూడే: తక్కువ సామాను వాడటం, ఇప్పటికే ఉన్న సామాను అద్దెకు తేవడం, వాడినదాన్ని పాడవకుండా ఇంకొకరికి అందించడం. రెండోదాన్ని మొహమాటం లేకుండా చేసి చూపింది దుబాయ్‌లో నెదర్లాండ్స్ పెవిలియన్. వీ8 ఆర్కిటెక్ట్స్ గీశారు. పునాదులు తవ్వేటప్పుడు మట్టి కూలకుండా నేలలోకి దిగేసే స్టీల్ షీట్ పైల్స్ ఉంటాయి కదా, వాటినే నిలబెట్టి గోడలు చేశారు. తుప్పు రంగు అలాగే ఉంచేశారు. స్థానికంగా తెచ్చుకున్న ఆ స్టీల్ పని అయ్యాక మళ్లీ నిర్మాణ పరిశ్రమకే వెళ్లేలా ఏర్పాటు. మధ్యలో 18 మీటర్ల ఎత్తు శంకువు, దాని బయట తినదగిన మొక్కలు, లోపల పుట్టగొడుగులు. గాలిలోని తేమ నుంచి నీళ్లు తీసే యంత్రమూ పెట్టారు. జనం ఫొటోలు తీసుకున్నది శంకువుకు. లెక్కను మార్చింది మాత్రం ఆ తుప్పు గోడలు.

మూడో దారికి ఇప్పటికీ అందరూ చూపించేది హానోవర్‌లో పీటర్ జుమ్‌థోర్ గీసిన స్విట్జర్లాండ్ పెవిలియన్. కలప అడితిలో పచ్చి కలపను ఆరబెట్టడానికి ఎలా పేరుస్తారో గుర్తు చేసుకోండి: ఒక వరస దూలాలు, మధ్యలో సన్నని అడ్డపట్టీలు, మళ్లీ దూలాలు, మధ్య సందులో గాలి. ఆ పెవిలియన్ అదే. 20 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లు కొలత ఉన్న లార్చ్, డగ్లస్ ఫర్ చెట్ల దూలాలు, కొస నుంచి కొసకు పెడితే 144 కిలోమీటర్లు, దాదాపు 2,800 ఘనమీటర్లు. జిగురు లేదు, మేకు లేదు, బోల్టు లేదు. గోడ పైనుంచి కిందికి స్టీల్ కడ్డీలు లాగి బిగించారు, అంతే. ఆ కడ్డీలకు స్ప్రింగులు పెట్టారు, అసలు తెలివంతా అక్కడుంది. పచ్చి కలప ఆరుతూ ఆరుతూ అడ్డంగా కుంచించుకుపోతుంది, గోడ ఎత్తు తగ్గుతుంది. మామూలు నట్టుతో బిగించి ఉంటే నెలలో కడ్డీ వదులై గోడ ఊగేది. స్ప్రింగు ఆ తగ్గుదలను మింగుతూ బిగువు కాపాడింది. ప్రదర్శన సాగినన్నాళ్లూ కలప ఆరింది. ముగిశాక దూలాలను బాగా ఆరిన కలపగా అమ్మేశారు. ఆరిన కలపకు పచ్చి కలప కంటే ధర ఎక్కువ. అంటే పెవిలియన్‌గా నిలబడి ఉండటమే ఆ సామాను విలువ పెంచింది.

కలప పేరెత్తితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఘనమీటరు మెత్త కలపలో చెట్టు పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.8 టన్ను దాగి ఉంటుంది. దీన్ని పట్టుకుని ‘మా పెవిలియన్ కార్బన్‌ను నిల్వ చేసింది’ అని ప్రకటించుకోవడం ఇప్పుడు ఆనవాయితీ. కాని ఆరు నెలల తర్వాత ఆ కలపను చెక్కపొట్టు చేసి బాయిలర్‌లో వేస్తే దాగినదంతా గాలిలో కలుస్తుంది. ఒసాకాలో సోవు ఫుజిమోటో గీసిన మహావలయం చుట్టుకొలత రెండు కిలోమీటర్లు, విస్తీర్ణం 61,035 చదరపు మీటర్లు, ప్రపంచంలోనే అతిపెద్ద కలప నిర్మాణంగా గిన్నిస్ రికార్డు. దాని పేరు నిలబెట్టేది రికార్డు మాత్రం కాదు. సుమారు 200 మీటర్ల భాగం ఉంచి మిగతాది విప్పేస్తే ఆ దూలాలు ఎక్కడెక్కడ తేలాయన్నదే తేల్చాలి.

కొత్త పదార్థంతో కట్టాలనుకునేవాళ్లకు హానోవరే రెండు పాఠాలు చెబుతుంది. జపాన్ పెవిలియన్‌ను షిగేరు బాన్, ఫ్రై ఒట్టోతో కలిసి కాగితపు గొట్టాలతో కట్టారు. పొడవు 70 మీటర్లు దాటిన జాలీ గుమ్మటం. విప్పాక అంతా మళ్లీ కాగితమైపోవాలన్నది సంకల్పం. పునాదికి కాంక్రీట్ పోయలేదు, స్టీల్ చట్రాల్లో ఇసుక నింపారు. కాని జర్మన్ అధికారులు కాగితాన్ని మాత్రమే నమ్మడానికి ఒప్పుకోలేదు, కలప కమానులు తోడు పెట్టాల్సి వచ్చింది. పైన కప్పిన కాగితపు పొర అగ్ని నిబంధనలకు ఆగకపోవడంతో దాని మీద పీవీసీ పొర వేశారు. కాగితపు ఇంటికి ప్లాస్టిక్ గొడుగు! సంకల్పం చెడ్డదా అంటే కాదు. నిబంధన చివరి గడపలో ఎదురైతే దానికి జవాబు ఎప్పుడూ బరువైనదో, ప్లాస్టిక్‌దో అవుతుంది.

రెండోది జెరీ అనే సంస్థ పెవిలియన్, కొలంబియా వెదురు నిపుణుడు సిమోన్ వెలెస్ పని. వెదురుకు జర్మనీలో లెక్కల పుస్తకం లేదు. అందుకని ముందు కొలంబియాలోని మనిజాలెస్‌లో అదే కొలతలతో పూర్తి పెవిలియన్ కట్టి, దాని మీద బరువు పరీక్షలు చేయించి, ఆ ఫలితాలతో అనుమతి తెచ్చుకున్నారు. రెండుసార్లు కట్టడం దండగలా కనిపిస్తుంది. అనుమతి లేక చివర్లో స్టీల్ జోడించడం అంతకన్నా దండగ.

వెలెస్ పద్ధతి మన దేశానికీ అందింది. షాంఘై 2010లో భారత్ పెవిలియన్‌కు సుమారు 35 మీటర్ల వెడల్పు వెదురు గుమ్మటం లేపారు, ఆ పనిలో ఆయన చేయి ఉంది. బోలు వెదురుకు నేరుగా బోల్టు బిగిస్తే గోడ నలిగి చీలుతుంది. అందుకే బోల్టు దిగే కణుపుల మధ్య సిమెంట్ మోర్టార్ నింపి గట్టిపరుస్తారు. బలానికి ఇది అద్భుతం. విప్పేటప్పుడు మాత్రం మోర్టార్ నిండిన కొసలు కోసి పారేయాలి, వెదురు పొట్టిదవుతుంది. పొడవాటి వెదురు తిరిగి కావాలంటే కొసలకు స్టీల్ తొడుగులు పెట్టే కీలు ఎంచుకోవాలి, ఖర్చు ఎక్కువ. ఏ దారైనా వెదురు కనీసం మూడు నాలుగేళ్లు ముదిరినదై, బోరాక్స్, బోరిక్ ఆసిడ్ ద్రావణంలో ఊరినదై ఉండాలి. లేకపోతే పుచ్చు పురుగు ఎక్స్‌పో కంటే ముందు లోపలికి వస్తుంది.

ఇక నేల. పునాదులు ఎవరికీ కనిపించవు, ఫొటోల్లో పడవు, కాని కాంక్రీట్‌లో పెద్ద వాటా వాటిదే. ఒసాకా ఎక్స్‌పో జరిగిన యుమెషిమా సముద్రంలో పూడ్చి కట్టిన దీవి. తవ్వితీసిన ఒండ్రు, నిర్మాణపు మట్టి, చెత్త కాల్చిన బూడిద కింద ఉన్నాయి. అలాంటి నేల బరువు పడితే కుంగుతుంది, అదీ ఒక మూల ఎక్కువ, ఇంకో మూల తక్కువ. పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించే పునాది స్తంభాలు, దింపితే ఎక్స్‌పో అయ్యాక వాటిని పీకి తీసుకెళ్లాలి, అది దింపడం కంటే కష్టం. అక్కడ పనికొచ్చిన ఉపాయం తేలే పునాది: కట్టడం ఎంత బరువో అంత మట్టిని ముందే తవ్వి తీసేయడం. చదరపు మీటరుకు ఒక టన్ను తూగే తేలిక కట్టడానికి, ఘనమీటరు మట్టి 1.6 టన్నులనుకుంటే, 63 సెంటీమీటర్లు తవ్వితే చాలు. కింది నేలకు బరువు పెరిగినట్టే తెలియదు. ఇదే కట్టడాన్ని బరువైన కాంక్రీట్‌తో మూడంతస్తులు లేపితే తవ్వకం మీటర్లలోకి పోయి కింద నీళ్లు ఊరుతాయి. అదే దీవిలో 2024 మార్చిలో మరుగుదొడ్ల నిర్మాణం దగ్గర నేలలోంచి వచ్చిన మీథేన్‌కు వెల్డింగ్ నిప్పురవ్వ తగిలి పేలుడు జరిగింది. పూడ్చిన నేలలో నేల కింద ఖాళీ గది వదలకూడదన్నది పుస్తకాల్లో ఒక వాక్యం, అక్కడ మాత్రం పగిలిపోయిన నేల పలక.

తేలికగా కడితే ఇంకో చిక్కు. గాలి ఎత్తుకుపోతుంది. సెకనుకు 40 మీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 100 కిలోల బలం చూపిస్తుంది. పైకప్పు మీద అది పీల్చుడుగా మారి, ఆకారాన్ని బట్టి అందులో 80 శాతం పైకి లాగుతుందనుకుందాం. చదరపు మీటరుకు కిలోన్నర కూడా తూగని గుడ్డ కప్పు 100 చదరపు మీటర్లు ఉంటే పైకి లాగే బలం 8 టన్నులు. ఒకటిన్నర రెట్లు భద్రత వేస్తే 12 టన్నులు, అంటే 2.4 టన్నులు తూగే ఘనమీటరు కాంక్రీట్ దిమ్మలు అయిదు. తేలిక కట్టడం అని మురిసిపోయి పునాదిలో అదే బరువు పోస్తే ఒరిగిందేమీ లేదు. అందుకే దిమ్మలను పోతపోసి వదిలేయకుండా, ఎత్తే కొక్కేలతో, ఒకే కొలతలో, తర్వాత సముద్రపు గట్టుకో రోడ్డు పక్కకో పనికొచ్చేలా చేయాలి. లేదా బాన్ చేసినట్టు ఇసుక నింపాలి. ఇసుక ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, అక్కడే వదలొచ్చు.

నిప్పు గురించి క్లుప్తంగా. స్పెయిన్‌లోని సెవిల్ 1992లో ‘పెవిలియన్ ఆఫ్ డిస్కవరీస్’ ఎక్స్‌పో ఇంకా తెరవకముందే, ఫిబ్రవరిలో కాలిపోయింది. కట్టే నెలల్లోనే ప్రమాదం ఎక్కువ, అప్పటికి వెల్డింగ్ నడుస్తుంటుంది, మంటలార్పే గొట్టాల్లో నీళ్లు ఉండవు. కలప విషయంలో లెక్క సులువు: మంట తగిలిన ముఖం నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతుంది. అరగంటకు 21 మిల్లీమీటర్లు. 200 మిల్లీమీటర్ల చదరపు స్తంభం నాలుగు వైపులా కాలితే 158 మిల్లీమీటర్లు మిగులుతుంది, కోత వైశాల్యంలో 62 శాతం. బరువు మోయడానికి అది చాలేలా ముందే స్తంభాన్ని లావు చేస్తే రసాయన పూత అక్కర్లేదు. పూత పూసిన కలపను తర్వాత కొనేవాళ్లు తక్కువ, కాబట్టి లావు స్తంభమే లాభం.

చల్లదనం దగ్గర ఊరి వాతావరణమే యజమాని. కర్నూలులో మే నెలలో ఎయిర్ కూలర్ ముందు కూర్చుంటే హాయి, విశాఖలో అదే కూలర్ ఒంటికి జిగట. కారణం గాలిలోని తేమ. సెవిల్‌లో నికొలస్ గ్రిమ్‌షా గీసిన బ్రిటన్ పెవిలియన్ తూర్పు గోడ అద్దం మీద నీటి తెర జారుతూ ఉండేది, ఆ పంపులను పైకప్పు సౌరఫలకాలు నడిపేవి. పడమటి వైపు నీళ్లు నింపిన కంటైనర్లు పేర్చి ఎండ వేడిని వాటికి తాగించారు. పొడి వేడిలో ఇది చక్కగా పనిచేసింది. ఒసాకా ఆగస్టుకు దీన్ని తీసుకెళ్తే లాభం లేదు. 33 డిగ్రీల గాలి, 65 శాతం తేమ ఉంటే 75 శాతం సామర్థ్యమున్న కూలర్ దాన్ని 28, 29 డిగ్రీల దగ్గర ఆపేస్తుంది, పైగా తేమ పెంచుతుంది. రియాద్ అక్టోబరులో 35 డిగ్రీలు, 20 శాతం లోపు తేమ ఉన్నప్పుడు అదే కూలర్ 22, 23కు దించుతుంది. డిసెంబరు, జనవరిలో రియాద్ రాత్రులు చలి, అసలు యంత్రమే అక్కర్లేదు, కిటికీలు తెరిస్తే చాలు. కాబట్టి రియాద్‌కు గీసేవాళ్లు యంత్రాల బలాన్ని అక్టోబరుకు, మార్చి చివరికి మాత్రమే లెక్కకట్టి ఆ కొన్ని వారాలకు అద్దె ఏసీలు తెచ్చుకోవడం మేలు.

ఎడారిలో నీళ్లు ఆవిరి చేయడమేమిటని వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. న్యాయమైన ప్రశ్నే, కాని అంకెలు వేసి చూడాలి. రియాద్‌కు వచ్చే నీటిలో చాలా భాగం తూర్పు తీరంలో ఉప్పు తీసి, వందల కిలోమీటర్లు గొట్టాల్లో, 600 మీటర్ల ఎత్తుకు తోడినది. శుద్ధికి, తోడటానికి కలిపి కిలోలీటరుకు ఆరేడు యూనిట్ల కరెంటు అనుకుందాం. ఆ కిలోలీటరు ఆవిరైతే సుమారు 675 యూనిట్ల వేడిని లాగేస్తుంది. అంత చల్లదనం మంచి ఏసీతో తేవాలంటే 190 యూనిట్ల కరెంటు కావాలి. కూలర్ తొట్టిలో ఉప్పు పేరుకోకుండా మూడో వంతు నీరు పారబోసినా ఇంకా కూలరే గెలుస్తుంది. ఓడిపోయేది ఇసుక తుపాను రోజున. మెత్తని దుమ్ము తడి ప్యాడ్ మీద పడి సాయంత్రానికి బురద పలక అవుతుంది. ముందు పొడి ఫిల్టర్, ప్యాడ్లు మార్చడానికి నిలబడగలిగే చోటు, మూలకు చేరే మెట్లు లేకుండా గీసిన కూలర్ గది మూడో వారానికి మూతపడుతుంది. దుబాయ్‌లో సింగపూర్ వాళ్లు ఉప్పు భూగర్భజలాన్ని సోలార్ కరెంటుతో శుద్ధి చేసి తమ తోటకు పెట్టుకున్నారు. నీటి దారి మొదటి గీతలోనే ఉంది కాబట్టి అది కుదిరింది.

వేడి బయటి నుంచే వస్తుందనుకోవద్దు. నిమ్మళంగా నడిచే మనిషి 120 వాట్లు విడుదల చేస్తాడు. లోపల 300 మంది ఉంటే 36 కిలోవాట్లు, అంటే పది టన్నుల ఏసీ. వంద చదరపు మీటర్ల ఎల్‌ఈడీ తెర సగటున చదరపు మీటరుకు 200 వాట్లు తింటే మరో 20 కిలోవాట్లు, ఇంకో ఆరు టన్నుల ఏసీ. తెర మీద తెల్ల నేపథ్యం ఎంత ఎక్కువైతే కరెంటు అంత కాలుతుంది. వీడియో చేసేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. చీకటి నేపథ్యం మీద చేయమని ఒక మాట ముందే చెబితే యంత్రాల గదిలో ఒక పెట్టె తగ్గుతుంది.

జనం నిలబడే చోటే అసలు పెవిలియన్. ఎనిమిది నిమిషాలకోసారి 60 మందిని లోపలికి పంపితే గంటకు 450 మంది, 12 గంటలకు 5,400, 182 రోజులకు దాదాపు 9.8 లక్షలు. గంట వరస అంటే 450 మంది బయట నిలబడతారు, చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున 225 చదరపు మీటర్ల నీడ కావాలి. చాలా దేశాలు ఈ నీడను చివర్లో గొడుగులు తెచ్చి సర్దుతాయి. ముందే గీస్తే ఆ నీడే పెవిలియన్ పైకప్పు అవుతుంది, దాని కింద ఏసీ యంత్రం లేకుండా ప్రదర్శనలో సగం చూపించొచ్చు. అలా గోడల మధ్య ఉండే ఏసీ గది 2,000 నుంచి 900 చదరపు మీటర్లకు దిగితే అటు సామానూ ఇటు కరెంటూ రెండూ పడిపోతాయి. ఒక్క గీతతో అంత తేడా తెచ్చే పని ఇంకోటి లేదు.

ఇంతవరకు చెప్పింది అంతా చక్కగా చేసి చివర్లో చెడగొట్టుకునే చోటు ఒకటుంది: ఆఖరి 60 రోజులు. సాధారణంగా భవనం గీసేవాళ్లు ఒకరు, లోపలి ప్రదర్శన చేసేవాళ్లు ఇంకొకరు, వాళ్ల టెండరు ఆలస్యంగా వస్తుంది. భవనం వాళ్లు దూలానికీ స్తంభానికీ మధ్య ఎనిమిది బోల్టుల కీలు పెడతారు, రెంచితో అరగంటలో విప్పొచ్చు. ప్రదర్శన వాళ్లు వచ్చి ఆ కీలు కంటికి ఎబ్బెట్టుగా ఉందని దాని మీద జిప్సమ్ బోర్డు పెట్టె కడతారు. బోర్డు అంచుకూ కలపకూ మధ్య సందులో ఫోమ్ కొడతారు, ఉబ్బిన ఫోమ్ బోల్టు మరలోకి దిగుతుంది. పైన పుట్టీ, దాని మీద అతికే ప్లాస్టిక్ ప్రింటు. ఏడు నెలల తర్వాత విప్పడానికి వచ్చిన కూలీకి అక్కడ బోల్టు ఉన్నట్టే తెలియదు. గోడ పగలగొడతాడు, ఫోమ్ నిండిన నట్టుకు రెంచి పట్టదు, గ్యాస్ కట్టర్ తెస్తాడు. మంటకు దూలం కొస కాలుతుంది. ఇరవై దూలాలు ఇలా పాడైతే తీసుకుంటామన్న పక్షం వెనక్కి తగ్గుతుంది. మొత్తం కట్టడం చెక్కపొట్టు అయ్యేది ఈ ఫోమ్ డబ్బా దగ్గరే.

దీనికి మందు కాంట్రాక్టులో ఉంది. ప్రదర్శన టెండరులోనే ఫోమ్, సిలికాన్, జిగురు నిషేధమని, అన్నీ మరలు, క్లిప్పులు, గుడ్డ చట్రాలని రాయాలి. ప్రింటును ప్లాస్టిక్ మీద కాక అల్యూమినియం చట్రంలో బిగించే గుడ్డ మీద వేస్తే అయిదు నిమిషాల్లో ఊడుతుంది. తెరలు, ప్రొజెక్టర్లు, కుర్చీలు అద్దెవే. కీలు బయటకు కనిపించనివ్వండి. బహ్రెయిన్ వాళ్లు ఒసాకాలో లీనా ఘోత్మే గీసిన పెవిలియన్‌లో దాదాపు 3,000 కలప ముక్కల కీళ్లను దాచకుండా పడవ పక్కటెముకల్లా చూపించారు, చూడటానికి అదే అలంకారమైంది.

విప్పే టెండరు కట్టే టెండరుతోపాటే పిలవాలి. ఎక్స్‌పో చివరి నెలలో పిలిస్తే అన్ని దేశాలూ ఒకేసారి అదే కొద్దిమంది కాంట్రాక్టర్ల వెంట పడతాయి, ధర వాళ్లు చెప్పిందే. కట్టేవైపూ ఇదే జరుగుతుంది. ఒసాకాలో కాంట్రాక్టర్లు దొరక్క చాలా దేశాలు గీతలు మార్చుకున్నాయి, ప్రారంభం రోజుకు కొన్ని పెవిలియన్ల తలుపులు తెరుచుకోనే లేదు.

తిరుగు ప్రయాణం ఉందనుకుంటే మొదటి కొలత కంటైనర్‌ది. 40 అడుగుల కంటైనర్ లోపల 12 మీటర్ల పొడవు, 2.35 మీటర్ల వెడల్పు, తలుపు ఎత్తు 2.28 మీటర్లు, మోసే బరువు 26 టన్నులు. దూలం 11.8 మీటర్లు, పలక 2.2 మీటర్లు దాటకూడదు. దాటితే పై తెరిచిన కంటైనర్ కావాలి, దాని బాడుగ వేరు. ఓడలో కార్బన్ గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు: 300 టన్నులు 5,000 కిలోమీటర్లు వెళ్తే, టన్ను కిలోమీటరుకు 15 గ్రాముల చొప్పున, 22 టన్నులే. బెంగ పెట్టుకోవాల్సింది కస్టమ్స్ గురించి. తాత్కాలిక దిగుమతి కింద సుంకం లేకుండా తెచ్చిన సామాను తిరిగి పోవాలి. అక్కడే ఒక బడికి దానం చేద్దామంటే సుంకం లెక్క మొదలవుతుంది, ఆ అనుమతి నెలలు పడుతుంది. ఏటీఏ కార్నెట్ అనే తాత్కాలిక దిగుమతి పత్రం మీద తెచ్చినదైతే దాని గడువు మామూలుగా ఏడాదే. ఎక్స్‌పోకు ఎనిమిది నెలల ముందు దిగిన సామాను గడువు ప్రదర్శన ముగియకముందే తీరిపోతుంది. చెక్క పెట్టెల్లో సర్దితే కలప లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలినట్టు ముద్ర ఉండాలి, లేకపోతే ఓడరేవులో ఆపేస్తారు.

ఎవరికి ఇస్తామో మొదటి గీత గీసేటప్పుడే తేలితే మిగతావన్నీ సర్దుకుంటాయి. మిలాన్ 2015లో వుల్ఫ్‌గాంగ్ బట్రెస్ కట్టిన బ్రిటన్ ‘హైవ్’, 17 మీటర్ల అల్యూమినియం తేనెపట్టు, మరుసటి ఏడాది లండన్ క్యూ గార్డెన్స్‌కు చేరింది. ముక్కలన్నీ బోల్టులతో కట్టినవే కావడంతో అది సాధ్యమైంది. అదే మిలాన్ నుంచి బహ్రెయిన్ పెవిలియన్ సొంత దేశంలో ముహర్రఖ్‌కు, చిలీ పెవిలియన్ సొంత దేశంలో టెముకోకు వెళ్లాయి. అలాగే ఉంచేద్దామనుకోవడం సులువు జవాబు కాదు. హానోవర్‌లో నెదర్లాండ్స్ కట్టిన అంతస్తుల తోట, ఎంవీఆర్‌డీవీ గీసినది, ఎక్స్‌పో తర్వాత ఏళ్ల తరబడి పాడుబడి నిలిచింది. మడిచి దాచి వచ్చే ఎక్స్‌పోకు తెద్దామన్నదీ కాగితం మీది ముచ్చటే. అయిదేళ్లు గోదాంలో పడున్న కలప వంకర పోతుంది, రబ్బరు బిగువు వదులుతుంది. 1938లో మొదలైన హైదరాబాద్ నాంపల్లి నుమాయిష్‌లో దాదాపు ఏటా జనవరిలో స్టాళ్లు లేస్తున్నాయంటే విప్పడానికీ మళ్లీ కట్టడానికీ మధ్య ఏడాది కూడా ఉండదు. అయిదేళ్ల ఎడం అలా కాదు. ఈ దారులన్నిటిలో నమ్మకంగా పనిచేసేది అద్దె, దాని తర్వాత ముందే కుదుర్చుకున్న గ్రహీత.

ఆ గ్రహీతతో చేసుకునే ఒప్పందంలో ఒక చిన్న పంక్తి చాలామంది మరిచిపోతారు: ముక్కల నంబర్ల జాబితా, ఏ బోల్టును ఎంత బిగించాలో చూపే పట్టిక, పది శాతం అదనపు నట్లు, బోల్టులు, ఇంకా కట్టిన జట్టులోంచి ఇద్దరు మేస్త్రీలకు విప్పే రోజుకూ, కొత్త చోట మళ్లీ కట్టే రోజుకూ టికెట్లు. చిత్రపటంలో లేని ఆఖరి సర్దుబాట్లు, ఏ దూలం అర అంగుళం కోసి పెట్టారో, ఏ రంధ్రం పక్కకు తొలిచారో, వాళ్లకే తెలుసు.